మొదటి గేమింగ్ పీసీ, ప్రీబిల్ట్ కావాలి: ఈ మూడింట్లో ఏది తీసుకోమంటారు?

తొలిఅడుగు
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఫోన్‌లో, అప్పుడప్పుడు ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఆడుతూ వచ్చాను, ఇప్పుడు డబ్బు కూడబెట్టుకుని మొదటిసారి డెస్క్‌టాప్ కొందామనుకుంటున్నా. విడిభాగాలు తెచ్చి నేనే బిగించుకునే ధైర్యం లేదు, పక్కనుండి నేర్పేవాళ్లూ లేరు, అందుకే ప్రీబిల్ట్. వెతికి వెతికి మూడింటి దగ్గర ఆగాను. మొదటి రెండూ దాదాపు ఒకే రేటు, మూడోది బాగా తక్కువ.

ఒకటి: కోర్ ఐ7 14700ఎఫ్, ఆర్‌టీఎక్స్ 4060, 16 జీబీ డీడీఆర్5, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ.

రెండు: రైజెన్ 5 7600, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ, డీడీఆర్5 6000 ర్యామ్ 8+8, 1 టీబీ ఎన్‌వీఎమ్‌ఈ, బీ650 బోర్డ్, 650 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్.

మూడు: కోర్ ఐ5 12400ఎఫ్, ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. కీబోర్డ్, మౌస్ ఉచితం, క్యాబినెట్ నిండా లైట్లు.

రోజూ ఆడేది వాలరెంట్, సెలవుల్లో పెద్ద కథలున్న ఆటలు, మధ్యలో కాస్త వీడియో ఎడిటింగ్. మానిటర్ పాతదే, 1080పీ, 60 హెర్ట్జ్. ఐ7 అంటే రైజెన్ 5 కన్నా పెద్దదే కదా అని ఒకటో దానివైపు మనసు లాగుతోంది. ఒకసారి కొంటే నాలుగైదేళ్లు మళ్లీ అడగలేను, అందుకే టెన్షన్.

పాతకీబోర్డ్
ఐ7 అన్న పేరు చూసి తీసుకోకు తమ్ముడూ. 14700ఎఫ్ మంచి ప్రాసెసరే, 20 కోర్లున్నాయి, కాదనను. కానీ ఆటల్లో బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డ్, అక్కడ 4060 పెట్టి ఊరుకున్నారు. కొత్తగా కొనేవాళ్లకి ఐ7, ఐ9 అన్న మాటలు తెలుసు, 4060కీ 5060 టీఐకీ తేడా తెలియదు, అందుకని తెలిసిన పేరు మీద ఖర్చుపెట్టి తెలియని చోట తగ్గిస్తారు. ఆటల కోసమే కొనే మెషీన్‌లో గ్రాఫిక్స్ కార్డ్ మీదే అన్నిటికన్నా ఎక్కువ ఖర్చు కనిపించాలి. దానికి అడ్డుపడకుండా ఉండేంత ప్రాసెసర్ చాలు. 7600కి ఆరు కోర్లే అయినా 5060 టీఐకి చక్కగా సరిపోతుంది.

అసలు విషయం ఇంకోటుంది. నువ్వు రాసిన మూడు లైన్లు మళ్లీ చదువు. రెండోదానికి బోర్డ్ పేరు, ఎస్‌ఎంపీఎస్ (అన్నిటికీ కరెంటు అందించే పెట్టె) వాట్లు, ర్యామ్ ఎన్ని స్టిక్కులో అన్నీ ఉన్నాయి. ఒకటో దానికి అవేవీ లేవు. రాయడం మర్చిపోయింది నువ్వా, వాళ్లే ఇవ్వలేదా?

తొలిఅడుగు
వాళ్లే ఇవ్వలేదన్నా. పేజీలో ఉన్నదంతా అక్షరం వదలకుండా రాశాను.

పాతకీబోర్డ్
అయితే ముందు వాళ్లని అడుగు. ఎస్‌ఎంపీఎస్ ఏ కంపెనీ, ఏ మోడల్? మదర్‌బోర్డ్ ఏది? ర్యామ్ ఒక స్టిక్కా రెండా, స్పీడ్ ఎంత? ఎస్‌ఎస్‌డీ మోడల్ ఏది? మంచి భాగాలు పెట్టినవాడు వాటి పేర్లు గర్వంగా చెప్పుకుంటాడు. "మంచి బ్రాండే సార్" అని మాట దాటేస్తే ఆ దుకాణం వదిలెయ్యి. నేను ఎవరికి ప్రీబిల్ట్ చూసిపెట్టినా చెప్పినవాటికన్నా చెప్పనివాటినే ఎక్కువ చూస్తాను, ఎందుకంటే కొన్న రెండో ఏడాదో మూడో ఏడాదో ఇబ్బంది పెట్టేవి దాదాపు ఎప్పుడూ అవే.

ఫ్రేమ్‌వేట
మూడోది చూడకు బ్రో, ఎంత తక్కువకి వచ్చినా సరే. 3050లో రెండు రకాలున్నాయి, 8 జీబీది ఒకటి, 6 జీబీది ఒకటి, తేడా మెమరీ ఒక్కటే అనుకుంటారు గానీ 6 జీబీ దాంట్లో కోర్లు కూడా కోసేశారు, 2560 ఉండాల్సింది 2304 ఉంటాయి, పేరు మాత్రం అదే. వాలరెంట్ వరకూ అది కూడా లాగేస్తుంది నిజమే, కానీ కథల ఆటలు అన్నావు చూడు, అక్కడ కష్టం. పైగా 8 జీబీ ర్యామ్, విండోస్, బ్రౌజర్, డిస్కార్డ్ తెరిచాక ఆటకి మిగిలేదేముంటుంది. లైట్ల స్ట్రిప్ తర్వాత ఎప్పుడైనా వేసుకోవచ్చు.

5060 టీఐ విషయంలో కూడా జాగ్రత్త. అది 8 జీబీ, 16 జీబీ రెండూ ఒకే పేరుతో వస్తాయి. నువ్వు చూసిన పేజీలో 16 అని స్పష్టంగా ఉంది కాబట్టి పర్లేదు. ఎక్కడైనా ఊరికే "5060 టీఐ" అని రాసి ఉంటే అది 8 అనుకునే లెక్క వేసుకో, బిల్లు మీద కూడా 16 జీబీ అని రాయించుకో.

తొలిఅడుగు
8 జీబీ, 16 జీబీ తేడా నిజంగా ఆటలో తెలుస్తుందా? 1080పీలో 8 చాలు అని చాలామంది అంటున్నారు.

పాతకీబోర్డ్
ఈ రోజుకి చాలా ఆటల్లో చాలు, అది అబద్ధం కాదు. కానీ నువ్వు నాలుగైదేళ్లు అన్నావు. 2020లో వచ్చిన పీఎస్5లో, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో మొత్తం 16 జీబీ మెమరీ ఉంది, ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్‌కీ కలిపి. పెద్ద ఆటలు తయారుచేసేవాళ్లు దాన్ని దృష్టిలో పెట్టుకునే టెక్స్చర్లు (గోడలు, వస్తువుల మీద కనిపించే బొమ్మలు) చేస్తారు. కార్డ్ మీద మెమరీ చాలకపోతే ఆ డేటా మామూలు ర్యామ్‌లోంచి స్లాట్ గుండా వచ్చిపోతూ ఉంటుంది, అది చాలా నెమ్మది. అప్పుడు సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) బాగానే కనిపిస్తుంది గానీ తల తిప్పినప్పుడల్లా ఆట గతుక్కుమంటుంది, లేదా గోడల మీద బొమ్మలు మసకగా ఉండి మెల్లగా తేరుకుంటాయి. 5060 టీఐ, 4060 లాంటి కార్డులు స్లాట్‌లో 16 లేన్లకి (డేటా వెళ్లే దారులకి) బదులు 8 లేన్లే వాడుకుంటాయి కాబట్టి స్లాట్ స్పీడ్ తక్కువున్న పాత పీసీఐఈ 3 బోర్డుల మీద 8 జీబీ కార్డ్‌కి ఈ బాధ ఇంకా ఎక్కువ.

ఎఫ్‌పీఎస్ అంటే ఇంకోటి గుర్తొచ్చింది. అమ్మకం పేజీల్లో "ఈ ఆటలో 200 ఎఫ్‌పీఎస్" అని గ్రాఫులు పెడతారు, కింద చిన్న అక్షరాల్లో ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేశామని ఉంటుంది. అది ఆన్ చేస్తే 5060 టీఐ లాంటి 50 సిరీస్ కార్డ్ గీసిన ఒక్కో ఫ్రేమ్‌కి మూడు ఫ్రేముల దాకా కల్పించి మధ్యలో చేర్చగలదు. చూడ్డానికి సాఫీగానే ఉంటుంది, కానీ మౌస్ కదిలిస్తే స్పందన అసలు ఫ్రేములను బట్టే వస్తుంది. వాలరెంట్ ఆడేవాడివి, ఫ్రేమ్ జనరేషన్ లేకుండా ఎంతొస్తుందో ఆ అంకె చూడు.

స్క్రూడ్రైవర్
నేను సిస్టమ్‌లు రిపేర్ చేస్తాను, ఎస్‌ఎంపీఎస్ గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదవండి. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనేవి కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే మార్కులు, అంతే. లోపల కెపాసిటర్లు ఎలాంటివి, షార్ట్ అయితే, ఓవర్‌లోడ్ అయితే ఆగిపోతుందా అన్నది ఆ స్టిక్కర్ చెప్పదు. అందుకే మోడల్ పేరు అడగమని పాతకీబోర్డ్ గారు అన్నది చాలా ముఖ్యం. మోడల్ తెలిస్తే ఇంటర్నెట్‌లో ఎవరో ఒకరు విప్పి చూపించిన రివ్యూ దొరుకుతుంది, వారంటీ ఎన్నేళ్లో చూస్తే తయారుచేసినవాడికే దాని మీద ఎంత నమ్మకముందో కూడా తెలుస్తుంది.

వాట్ల లెక్క సులువే. 5060 టీఐ 180 వాట్లు, 7600 మహా అయితే 90 దరిదాపుల్లో, మిగతావన్నీ కలిపినా 350 దాటదు. ఆ కార్డ్‌కి ఎన్‌విడియా చెప్పే సిఫార్సు 600 వాట్లు. 650 హాయిగా సరిపోతుంది, రేపు ఇంకొంచెం పెద్ద కార్డ్ వేసుకోవడానికీ చోటు ఉంటుంది.

ఇంకో సంగతి, దీని గురించి కొనేముందు ఎవరూ చెప్పరు. కొన్ని పెద్ద కంపెనీల ప్రీబిల్ట్‌లలో మదర్‌బోర్డ్, ఎస్‌ఎంపీఎస్, ఫ్రంట్ ప్యానెల్ వైర్లు అన్నీ ఆ కంపెనీ సొంత కొలతల్లో ఉంటాయి. మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ కొని తెస్తే బోర్డ్‌లో 24 పిన్‌ల సాకెట్టే ఉండదు. నా దగ్గరికి అలాంటిది ఒకటి వచ్చింది, కంపెనీ పేరు వద్దులెండి, వారంటీ అయ్యాక ఎస్‌ఎంపీఎస్ పోయింది, ఆ ఒక్క భాగం మార్కెట్లో దొరక్క మెషీన్ మొత్తం మూలపడింది. ప్రాసెసర్ బాగుంది, కార్డ్ బాగుంది, అయినా వాడుకోవడానికి లేదు. కాబట్టి "బోర్డ్, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్ మూడూ స్టాండర్డ్ ఏటీఎక్స్ లేదా మైక్రో ఏటీఎక్స్ సైజేనా" అని తప్పకుండా అడుగు, జవాబు మెయిల్‌లోనో చాట్‌లోనో రాతలో తీసుకో.

నిజానికి నువ్వే బిగించుకో అని చెప్పాలని ఉంది. స్క్రూలు తిప్పడం వస్తే చాలు, ఒక రోజు పని.

చల్లగాలి
స్క్రూడ్రైవర్ గారూ, అందరికీ ఆ సరదా ఉండదండీ. మొదటిసారి కొనే పిల్లాడు, బిగించాక స్క్రీన్ రాకపోతే తప్పు ర్యామ్‌దా బోర్డ్‌దా అని తేల్చుకోవడానికి పక్కన మార్చి చూసుకునే భాగాలు కూడా ఉండవు. ప్రీబిల్ట్‌లో మనం ఇచ్చే అదనపు డబ్బు బిగింపుకి, టెస్టింగుకి, ఏ భాగం పాడైనా ఒకే చోట అడిగే హక్కుకి. ఆ డబ్బు ఎంతో తెలుసుకోవడం మాత్రం అవసరం. తొలిఅడుగు, రెండో మెషీన్‌లో ఉన్న భాగాలన్నీ విడివిడిగా కొంటే ఎంతవుతుందో ఒకసారి కూడి చూడు, విండోస్ లైసెన్స్ కూడా కలుపు. తేడా కొద్దిగా ఉంటే నిశ్చింతగా తీసుకో. 2025 చివర్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాక, పాత స్టాక్‌తో తయారైన ప్రీబిల్ట్‌లే విడిభాగాల కన్నా చౌకగా పడిన సందర్భాలున్నాయి, అందుకే ఏదైతే చౌక అన్నది ముందే అనేసుకోకుండా కొనే రోజున లెక్క వేసుకోవాలి.

అలాగే క్యాబినెట్ ఫొటో ముందు వైపు నుంచి చూడు. ముందంతా అద్దమో ప్లాస్టిక్ పలకో ఉండి, గాలి పీల్చుకోవడానికి పక్కన సన్నటి చీలిక మాత్రమే ఉంటే అది అందానికి చేసినది. ముందు జాలీ ఉండాలి, లోపలికి గాలి తోసే ఫ్యాన్లు కనీసం రెండు, వెనక బయటికి పంపేది ఒకటి. లోపల వేడి చేరితే కార్డ్ తన స్పీడ్ తానే తగ్గించుకుంటుంది, ఫ్యాన్లు హోరెత్తుతాయి, నువ్వు డబ్బిచ్చిన పెర్ఫార్మెన్స్ నీకు అందదు. 7600 లాంటి 65 వాట్ల ప్రాసెసర్‌కి వాటర్ కూలర్ అక్కర్లేదు, దాని బదులు మంచి ఫ్యాన్లున్న క్యాబినెట్ ఎంచుకో.

తొలిఅడుగు
అక్కా, రెండోదాని ఫొటో చూశాను, ముందు జాలీనే ఉంది, ముందు మూడు ఫ్యాన్లు, వెనక ఒకటి. ఒకటోది మొత్తం అద్దం.

ఒకటో వాళ్లని చాట్‌లో అడిగాను. బోర్డ్ హెచ్610 అట, ర్యామ్ 16 జీబీ ఒకటే స్టిక్ అట, ఎస్‌ఎంపీఎస్ "550 వాట్ల గేమింగ్ గ్రేడ్" అన్నారు, మోడల్ అడిగితే బ్యాచ్‌ని బట్టి మారుతుందన్నారు.

పాతకీబోర్డ్
ఇంక దాని జోలికి వెళ్లకు. 20 కోర్ల ప్రాసెసర్‌ని హెచ్610 లాంటి చవక బోర్డ్ మీద కూర్చోబెడితే, కరెంటు అందించే భాగం ఎక్కువసేపు తట్టుకోలేక ప్రాసెసర్‌ని తగ్గించి నడుపుతుంది. ఐ7కి ఇచ్చిన డబ్బులో కొంత అక్కడే పోయింది. ఇంకోటి, ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజ్ ఎక్కువై కొన్ని పాడైపోయే సమస్య 2024లో బయటపడింది. ఆ ఆగస్టులో ఇంటెల్ 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్ సవరణ) ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. బయోస్ (బోర్డ్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుంటే వాడుకోవచ్చు, భయపడి పారిపోవాల్సిన పని లేదు. కానీ బోర్డ్ బయోస్ ఏ వెర్షన్ అని అడిగితే చెప్పలేని దుకాణం దగ్గర ఆ ప్రాసెసర్ తీసుకోకూడదు.

ఫ్రేమ్‌వేట
ఒక స్టిక్ ర్యామ్ విషయంలో మాత్రం నేను కొంచెం వేరుగా ఆలోచిస్తా. ఒకటే 16 ఉంటే తర్వాత ఇంకో 16 వేసుకుని 32 చేసుకోవచ్చు కదా, 8+8 ఉంటే తర్వాత రెండూ తీసి పక్కన పెట్టాలి.

స్క్రూడ్రైవర్
కాగితం మీద బాగుంటుంది, పనిలో తేడా కొడుతుంది. ఒక స్టిక్ అంటే సింగిల్ ఛానెల్, మెమరీ బ్యాండ్‌విడ్త్ (సెకనుకి అటూ ఇటూ వెళ్లే డేటా) సగమే. ప్రాసెసర్ మీద ఆధారపడే ఆటల్లో, ముఖ్యంగా వాలరెంట్ లాంటి హై ఎఫ్‌పీఎస్ ఆటల్లో, దాని దెబ్బ బాగా తెలుస్తుంది. తర్వాత వేరే కంపెనీ స్టిక్ తెచ్చి పక్కన పెడితే డీడీఆర్5లో రెండూ కుదురుతాయన్న నమ్మకం లేదు. ఇక 8+8కి ఇంకో రెండు కలిపి నాలుగు స్లాట్లూ నింపితే స్పీడ్ బాగా తగ్గించాల్సి వస్తుంది. అందుకే నా మాట ఏమిటంటే, కుదిరితే ఇప్పుడే 16+16 అడుగు. వీడియో ఎడిటింగ్ ఉందన్నాడు కాబట్టి 32 వృథా పోదు. బడ్జెట్ ఒప్పుకోకపోతే 8+8తో మొదలుపెట్టి, ధరలు దిగాక జతగా మార్చుకోవడమే మేలు.

ఫ్రేమ్‌వేట
సరే, జతగా మార్చడం మేలన్నది ఒప్పుకుంటా. నేను చూసినవి డీడీఆర్4 బోర్డులు, వాటిల్లో ఇంత గొడవ లేదు.

నీలితెర
ఎవరూ మానిటర్ మాటెత్తలేదు. 60 హెర్ట్జ్ మానిటర్ అంటే సెకనుకి 60 బొమ్మలే చూపిస్తుంది, ఒక్కోటి దాదాపు 16.7 మిల్లీసెకన్లకి. 144 హెర్ట్జ్ అయితే 7 మిల్లీసెకన్ల లోపే. వాలరెంట్‌లో ఈ మెషీన్ 200 దాటి ఇస్తుంది, ఆ పాత మానిటర్ మీద అందులో ఎక్కువ భాగం నీ కంటికే చేరదు. నేనైతే పీసీ బడ్జెట్‌లోంచి కొంచెం తీసి మానిటర్‌కి పెడతాను, ఎందుకంటే రోజూ చూసేది దాన్నే, పీసీ మారినా అది మిగిలి ఉంటుంది.

1080పీ తెర మీద సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు, 1440పీ మీద 36.9 లక్షలు. అంటే కార్డ్‌కి పని దాదాపు 80 శాతం పెరుగుతుంది. 5060 టీఐ 16 జీబీ 1440పీని మోయగలదు, బరువైన ఆటల్లో డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీ మోడ్ పెట్టుకోవాలి. అది పెడితే లోపల తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేస్తుంది, 1440పీలో ఆ తేడా పట్టుకోవడం కష్టం.

తొలిఅడుగు
మానిటర్ ఇప్పుడు కుదరదండీ, మూణ్నాలుగు నెలల తర్వాత 1440పీ 144 హెర్ట్జ్ చూస్తాను. ర్యామ్ 16+16 అడిగాను, మార్చడానికి వాళ్లు చెప్పిన రేటు ఎక్కువ, 8+8తోనే వెళ్తున్నా. రెండోదాని వాళ్లు ఎస్‌ఎంపీఎస్ మోడల్, బోర్డ్ మోడల్ అన్నీ మెయిల్‌లో పంపారు, స్టాండర్డ్ ఏటీఎక్స్ అని కూడా రాశారు. ఇవాళ ఆర్డర్ పెట్టేస్తా. వచ్చాక ఏం చూసుకోవాలి?

చల్లగాలి
పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచి వీడియో తీయి, దెబ్బ తగిలి వస్తే అదే నీ సాక్ష్యం. స్విచ్ వేసే ముందు పక్క ప్యానెల్ తీసి చూడు, దారిలో కార్డ్ ఊగకుండా లోపల ఫోమ్ కుక్కి పంపేవాళ్లున్నారు, అది తీయకుండా ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరగవు. కార్డ్ స్లాట్‌లో సరిగ్గా కూర్చుందా, ఏ వైరైనా వదులైందా చూసుకో. ప్యానెల్ తీస్తే వారంటీ పోతుందా అని మాత్రం ముందే అడిగి పెట్టుకో.

ఫ్రేమ్‌వేట
మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డ్ వెనక గుచ్చాలి బ్రో, పైన బోర్డ్ దగ్గరున్న దాంట్లో కాదు. 12400ఎఫ్ లాంటి, లోపల గ్రాఫిక్స్ లేని ఎఫ్ ప్రాసెసర్ అయితే బోర్డ్‌లో గుచ్చితే తెరే రాదు కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. 7600కి లోపల చిన్న గ్రాఫిక్స్ ఉంది, అందుకని తెర వస్తుంది, ఆట మాత్రం ఈడుస్తూ నడుస్తుంది, మెషీనే బాగాలేదనుకుంటారు.

జీపీయూ-జెడ్ అని చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో 16 జీబీ చూపిస్తోందా చూడు. విండోస్ 11 యాక్టివేట్ అయిందా చూడు. విండోస్ 10 వేసి పంపితే ఒప్పుకోకు, దాని సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11లో వాలరెంట్‌కి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు రెండూ ఆన్‌లో ఉండాలి, లేకపోతే ఆట తెరుచుకోదు.

పాతకీబోర్డ్
టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరువు. స్పీడ్ 6000 కాకుండా 4800 అని ఉంటే ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడ్‌లో నడిపే బయోస్ సెట్టింగ్) ఆన్ చేయకుండా పంపారన్నమాట. చాలామంది ఏళ్ల తరబడి అలాగే వాడేస్తుంటారు. తర్వాత ఒక బరువైన ఆటని గంటసేపు ఆపకుండా ఆడు, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో వేడి చూడు. కార్డ్ 65 నుంచి 80 డిగ్రీల మధ్య ఉంటే బాగున్నట్టే. రిటర్న్ గడువు లోపలే ఇవన్నీ చేసెయ్యి, ఆ గడువయ్యేదాకా అట్టపెట్టె పారేయకు.

తొలిఅడుగు
వచ్చేసింది! ఫోమ్ ఉంది, తీశాను. కార్డ్ 16 జీబీనే, విండోస్ 11 యాక్టివేట్ అయి ఉంది, వాలరెంట్ బాగా నడుస్తోంది. ర్యామ్ మాత్రం 4800 చూపిస్తోంది. అన్న చెప్పినట్టు బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో ఆన్ చేసి సేవ్ చేశాను, ఇప్పుడు తెర నల్లగా ఉండిపోయింది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఏమీ రావట్లేదు. ఫోన్‌లోంచి రాస్తున్నా, ఆపేయనా?

స్క్రూడ్రైవర్
ఆపకు. అది మెమరీ ట్రైనింగ్. నీ 7600 కూర్చునే ఏఎం5 రకం బోర్డులు ర్యామ్ సెట్టింగ్ మారినప్పుడు మొదటిసారి కొత్త స్పీడ్‌కి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి, తనంతట తాను ఒకటి రెండు సార్లు రీస్టార్ట్ కూడా అవుతుంది. పదిహేను నిమిషాలు దాటినా రాకపోతే అప్పుడు చూద్దాం, బోర్డ్ మీద సీమోస్ క్లియర్ చేస్తే (అంటే సేవ్ చేసిన బయోస్ సెట్టింగులు చెరిపేస్తే) పాత సెట్టింగ్‌కి వచ్చేస్తుంది, ఏదీ పాడవదు.

తొలిఅడుగు
వచ్చిందన్నా. ఇప్పుడు 6000 చూపిస్తోంది. గంటకు పైగా ఆడాను, కార్డ్ 68 దాటలేదు. బోర్డ్‌లో రెండో ఎం.2 స్లాట్ ఖాళీగా ఉంది, 1 టీబీ నిండాక అందులో ఇంకో ఎస్‌ఎస్‌డీ వేసుకుంటే ఈ కార్డ్ స్పీడ్ ఏమైనా తగ్గుతుందా?

స్క్రూడ్రైవర్
చాలా బీ650 బోర్డుల్లో తగ్గదు. కొన్ని బోర్డుల్లో మాత్రం రెండో ఎం.2 వాడితే వేరే స్లాటో, డిస్క్ తగిలించే సాటా పోర్టో ఆగిపోతుంది. మాన్యువల్‌లో స్టోరేజ్ పేజీ ఫొటో తీసి పెట్టు, చూసి చెప్తాను.